ఒకటో ట్రాక్

"ఇంతకీ ఇవాళైనా టీవీలో కనిపిస్తావా?" అంది అత్తగారు, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

"కనిపించనత్తయ్యా. నేను ఎడిటర్ని కదా. వెనకాలే ఉంటాను."

ఏళ్ళ తరబడి చెబుతున్న జవాబే. టీవీలో ఉద్యోగం అని చెప్పి చేసుకొచ్చిన కోడలు ఒక్కసారి కూడా టీవీలో కనబడకపోవడం అత్తగారికి ఇప్పటికీ తనని ఎవరో మోసం చేసినట్టే ఉంటుంది. "బొమ్మలు కత్తిరించి అతికించడానికి అంత చదువు దేనికో" అని ఒకసారి చుట్టాల ముందే అనేసింది. ఆ రోజు కోడలు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఇవాళ మాత్రం ఏ మాటా గుచ్చుకోవడం లేదు. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఉప్పు వేశానా లేదా అని కూర రెండుసార్లు రుచి చూసి, రెండుసార్లూ మర్చిపోయింది.

ఎనిమిదింటికి ప్రభుత్వ ఛానెల్లో ఆమె డాక్యుమెంటరీ వస్తుంది. ఆమెది అనకూడదు లెండి, పెద్ద అక్షరాల్లో పడేది ప్రొడ్యూసర్ పేరు. ఆమె పేరు చివర్న, రైలు తప్పిపోతుందన్నట్టు పరిగెత్తే వరసల్లో ఉంటుంది. అయినా ఆమెదే. పెద్దాసుపత్రి వెనక రేకుల షెడ్డులో రోగుల దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళ మీద అరగంట సినిమా. తీద్దామన్నది ఆమె, వాళ్ళతో మాట్లాడింది ఆమె, వ్యాఖ్యానం ప్రతి వాక్యం రాసింది ఆమె. రక్తం, మందులు, చీము అన్నీ కలిసిన నీళ్ళలో ఒట్టి చేతులు పెట్టి పని చేస్తారు వాళ్ళు. పర్మినెంట్ చెయ్యమని, చేతులకి తొడుగులు ఇవ్వమని ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు.

"దేవతలని మాత్రం అనొద్దమ్మా," అంది వాళ్ళలో పెద్దామె, కెమెరా ఆపేశాక. "ఇంతకుముందొక పేపరాయన అలాగే రాశాడు. దాంతో జీతం పెంచమని అడిగితే, దేవతలకి జీతమేంటే అని మా సూపర్‌వైజరు ఒకటే నవ్వడం."

అననని ఆమె మాటిచ్చింది.

సినిమా కూర్చేటప్పుడు బొమ్మకి మాట సరిపోతుందో లేదో చూసుకోవాలి కాబట్టి ఎడిటరే ముందు ఒక గొంతు పెడుతుంది. దాన్ని గైడు అంటారు. దర్జీ వదులుగా వేసి తర్వాత పీకి పారేసే కుట్టు లాంటిది. ఆఖర్న వ్యాఖ్యాత వచ్చి చదువుతాడు, గైడు తీసేస్తారు. ఎన్ని సినిమాలకి తన గొంతు పెట్టిందో, ఎన్నిసార్లు తన చేత్తో తనే తీసేసిందో ఆమెకి లెక్క లేదు. బాధ పడాలని కూడా ఎప్పుడూ తోచలేదు. ఇంట్లో కాస్త గట్టిగా నవ్వితేనే "పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు" అంటాడు భర్త. ఇల్లు అలా, ఆఫీసు ఇలా. గొంతు ఉన్నది అవసరం తీరేదాకా వాడుకోవడానికే కాబోలు అనుకునేది.

ఈసారి వ్యాఖ్యాత నిన్న మధ్యాహ్నం దాటాక తీరుబడిగా వచ్చాడు. గొంతు ఖంగుమంటుందని స్టూడియోలో అందరూ గంటగారంటారు. "ఈ పనివాళ్ళు" అని ఉన్న ప్రతి చోటా ఆయన "ఈ త్యాగమూర్తులు" అని చదివాడు. "చేతి తొడుగులు అడుగుతున్నారు" అన్న వాక్యం మింగేసి "తెల్లని దుప్పటిలో దాగిన దేవతలు" అని కొత్తది కలిపాడు.

ఆమె మైకు నొక్కి, "సార్, స్క్రిప్టులో అలా లేదండీ" అంది.

"ప్రేక్షకుల గుండె కరగాలమ్మా."

ప్రొడ్యూసర్ వాచీ చూసుకున్నాడు. "పోనీలేమ్మా, ఆయనకి తెలీదా? టైము లేదు, కానివ్వు."

కానిచ్చింది. ఆ హడావుడిలో, ఆ కోపంలో, గైడు తీసెయ్యడం మర్చిపోయి రెండు ట్రాకులతోనే ఫైలు పంపేసింది. ఎప్పుడూ చెయ్యని తప్పు. అయినా ఆ ఆడవాళ్ళ చేతులు రేపు ఊరంతా చూస్తుందన్న సంతోషం మాత్రం పోలేదు.

ఏడున్నరకి ఫోను మోగింది. ప్రసారం గదిలో డ్యూటీ ఆఫీసరావిడ.

"ఏంటండీ, మీ ఫైల్లో గొంతులు రెండున్నాయి? ఒకటో ట్రాకులో ఆడగొంతు, రెండో దాంట్లో గంటగారు. ప్రసారంలో ఏది వెయ్యమంటారు?"

"రెండోది" అన్న మాట నాలుక చివరకొచ్చింది. అలవాటుగా, అన్నం వడ్డించే చెయ్యి అడక్కుండానే గరిటె అందుకున్నట్టు వచ్చేసింది. అక్కడే ఆగింది. గుండె దడదడలాడింది. ఇది భయం కాదని, సంతోషమని తెలిసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఒకటోది" అంది.

"ఖాయమేనా?"

"ఖాయమండీ."

ఫోను పెట్టేశాక పట్టరాని నవ్వొచ్చింది. సింకు దగ్గర నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఉద్యోగం ఊడితే? ఊడితే చూద్దాం.

హాల్లో భర్త క్రికెట్ పెట్టుకుని కూర్చున్నాడు. మీ ఛానెల్ చూసేది రిమోట్ పోగొట్టుకున్నవాళ్ళే అని ఆయన పాత జోకు. ఆమె రిమోట్ అందుకుని ఛానెల్ మార్చింది.

"అదేంటి, ఆఖరి ఓవర్లు!"

"ఫోన్లో చూసుకోండి" అంది, కూతురి పక్కన సర్దుకుని కూర్చుంటూ. ఆయన బిత్తరపోయి ఫోను కోసం వెతుక్కోవడం కూడా మర్చిపోయాడు.

తెర మీద ఆవిరి లేచింది. ఆవిరిలోంచి చేతులు కనిపించాయి, పగిలి, తెల్లగా నాని. వాటి మీదుగా ఆమె గొంతు. "వీళ్ళు పనివాళ్ళు. అడిగేది జాలి కాదు, తొడుగులు."

"అమ్మా, నువ్వే!" అని కూతురు మోచెయ్యి పట్టుకుంది. ఆమె తలూపింది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. తన గొంతు ఇంత నిబ్బరంగా ఉంటుందా? ఎడిటింగ్ గదిలో చెవుల్లో పెట్టుకుని విన్నప్పుడు ఎప్పుడూ తప్పులే వినిపించేవి. ఇప్పుడు ఊరందరి ఇళ్ళల్లో వినిపిస్తుంటే, వింటూ కూర్చోవాలనిపిస్తోంది. ఆ షెడ్డులో వాళ్ళంతా కూడా ఒక ఇంట్లో కూడి చూస్తుంటారు. పెద్దామెకి ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. ఆ సంగతి తలుచుకుంటేనే కళ్ళు చెమ్మగిల్లాయి.

అత్తగారు చివరిదాకా కదల్లేదు. పేర్లు పరిగెత్తుతుండగా, "గొంతు బానే ఉంది. ఆ మాటలెవరు రాసిచ్చారే?" అంది.

"నేనే రాసుకున్నానత్తయ్యా."

అత్తగారు ఏదో అడగబోయింది. అంతలో ఫోను. ప్రొడ్యూసర్. అరుస్తున్నాడు, భర్తకి కూడా వినిపించేంత గట్టిగా. "గంటగారు మండిపడుతున్నారు. పైవాళ్ళకి సంజాయిషీ రాయాలి. నువ్వేం కంగారు పడకు, ఇందులో నీ తప్పేం లేదు. ప్రసారం గదిలో ఆవిడ చూసుకోకుండా వదిలేసిందని రాసి పడేస్తాను. ఆవిడకో మెమో ఇస్తారు, అంతటితో పోతుంది. సరేనా?"

సరే అనెయ్యి అని భర్త సైగ చేస్తున్నాడు. కూతురు ఆమె మొహంలోకే చూస్తోంది.

ఆమె లేచి నిలబడింది.

"ఆవిడ పొరపాటేం లేదు సార్. ఏ గొంతు వెయ్యమంటారని ఆవిడ నన్నడిగింది. నాది వెయ్యమన్నాను."