పుచ్చని పలకలు

మూడో పూత కూడా చెడింది. మిల్లులోంచి ఎగిరొచ్చిన ఊక దుమ్ము తడి వార్నిష్ మీద వాలి గరుకుగా ఎండిపోయింది. వీరబ్రహ్మం మళ్ళీ సాండ్ పేపర్ అందుకున్నాడు. జూన్ ఎండకు షెడ్డు రేకులు మండుతున్నాయి. పొద్దున్న ఏడింటి నుంచి వంగి రుద్దుతూనే ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ నడుము అతని మాట వినడం మానేసి చాలాకాలమైంది.

ఎదురుగా కారు. ముందు సగం ఇనుము, వెనక సగానికి బయటంతా చెక్క పలకలు బిగించిన పాత ఇంగ్లీషు కారు. మండపేట రైసుమిల్లు యజమాని ప్రసన్నకుమార్ గారు దాన్ని మద్రాసులో కొని తెచ్చుకున్నారు. పలకలు చెదలు తినేశాయి. విశాఖలో జరిగే పాత కార్ల ప్రదర్శనకు అది పెళ్ళికూతురిలా వెళ్ళాలని ఆయన ముచ్చట. మెకానిక్కులు చెక్కపని మాకు రాదన్నారు. అప్పుడెవరో తాళ్ళరేవులో నావలు కట్టే వీరబ్రహ్మం పేరు చెప్పారు. ఫైబరు బోట్లు వచ్చాక నావ వడ్రంగికి నెలలో పది రోజులు పని దొరికితే గొప్ప. అక్కడ రోజుకు ఎనిమిది వందలు, ఇక్కడ పదిహేను వందలు, పైగా మధ్యాహ్నం భోజనం. ఎవరైనా వస్తారు.

ఒక పక్క పలకలు బిగించడం అయింది. రెండో పక్కవి బల్ల మీద ఉన్నాయి. వాటి నిండా పాత మేకుల చిల్లులు, చిల్లుల చుట్టూ నల్లటి మచ్చలు. ఉప్పునీళ్ళలో ఇనుము తుప్పుపట్టి టేకులోకి దిగిన మచ్చలవి. చిల్లుల్లో చెక్క బిరడాలు కొట్టి నున్నగా చిత్రిక పట్టాడు గాని మచ్చలు పోలేదు. ఆ పలకలు నాగదుర్గ నావవి.

కొత్త టేకు వంచితే పగులుతుందని, పాతదైతే నిలుస్తుందని తనే అన్నాడు. “అయితే పాతదే తెచ్చుకో, చెక్కకు డబ్బు వేరే ఇస్తాను. ఎక్కడిదో నాకు చెప్పక్కర్లేదు” అన్నారు ప్రసన్నకుమార్ గారు. కొన్ని సంగతులు తెలియకుండా ఉండటం డబ్బున్నవాళ్ళకు ఒక సౌకర్యం.

సముద్రంలో చేపల వేట నిషేధించిన రెండు నెలల్లోనే నావలు ఒడ్డుకెక్కించి బాగుచేసుకుంటారు. నాగదుర్గ, ఆమె మొగుడు బుల్లియ్య తమ నావ తెచ్చి వీరబ్రహ్మానికి అప్పజెప్పారు. అడుగున మూడు పలకలు నిజంగానే పుచ్చాయి. పక్క పలకలు మాత్రం సుత్తితో తడితే గట్టి చెక్కలా ఖంగుమన్నాయి. అతను చెవి ఆనించి మరీ విని, “ఇయ్యి కూడా పుచ్చేయమ్మా” అన్నాడు. ఆమె మారు అడగలేదు. అక్కడ ఎవరూ అడగరు. చెక్క మంచిచెడ్డలు వడ్రంగి చెవికే తెలుస్తాయి. అతనన్న మాట మీద మనుషులు సముద్రంలోకి వెళ్తారు. వీరబ్రహ్మం తండ్రి, తాత ఆ మాట మీదే బతికారు. దాన్ని అతను ఒక మధ్యాహ్నం పూట అమ్ముకున్నాడు. ఆ పలకల చోట చౌక మామిడి చెక్కలు కొట్టి, సందుల్లో దూది కుక్కి తారు పూశాడు. పాతవి పొయ్యిలోకి పనికొస్తాయి పట్టుకెళ్ళమని నాగదుర్గే ఊరికే ఇచ్చింది.

అప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఫోను తీశాడు. రెండుసార్లూ చార్జింగ్ తక్కువగా ఉందని తనకు తానే చెప్పుకున్నాడు.

“బాబాయ్!”

షెడ్డు గుమ్మంలో నాగదుర్గ నిలబడి ఉంది. మొహమంతా చెమట.

“ఫోనెత్తట్లేదేంటి బాబాయ్? రెండు బస్సులు మారి, మిల్లు ఎక్కడని అడుక్కుంటా వచ్చేను. నావ నీళ్ళలో పెట్టేం. పక్క పలకల్లోంచి నీళ్ళూరతన్నాయి. ఆయనేమో ఎల్లుండి నిషేధం అయిపోగానే మొగ దాటి సముద్రంలోకి ఎల్తానంటన్నాడు. నానితే సందులు అయ్యే మూసుకుంటాయంట. నువ్వొచ్చి ఓసారి చూసి చెప్పు. ఎల్లమంటే ఎల్తాడు, వద్దంటే మానేత్తాడు.”

వీరబ్రహ్మం సాండ్ పేపర్ బల్ల మీద పెట్టాడు.

“నీ తప్పు కాదులే. పుచ్చేదాకా చూసుకోపోడం మాదే తప్పు” అంది నాగదుర్గ.

ఆ మాట కంటే చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆమె చెమట తుడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్ళింది. బిగించిన పలక మీద చెయ్యి వేసి నిమిరింది.

“ఎంత బాగుందో ఈ చెక్క! ఇలాంటియి డబ్బున్నోళ్ళకే దొరుకుతాయి కదా.”

“అది నీదేనమ్మా.”

వేళాకోళం అనుకుని నవ్విందామె.

“నీ నావ పలకలే. అయ్యి పుచ్చలేదు. ఈ కారుకి కావాలని నీకు అబద్ధం చెప్పేను.”

ఆమె చెయ్యి పలక మీదే ఉండిపోయింది. నవ్వు మాత్రం పోయింది. అదే సమయానికి ప్రసన్నకుమార్ గారు లోపలికి వచ్చారు.

“ఏంటయ్యా, రెండో పక్క ఇంకా బిగించలేదా? రేపు పొద్దున్నే లారీ వస్తుంది. ఈవిడెవరు?”

“ఆ చెక్క ఈవిడదండి. మోసం చేసి తెచ్చేను. నా కూలి మొత్తం వదిలేస్తాను, పలకలు ఊడదీసి ఇచ్చెయ్యనివ్వండి.”

“మీ గొడవలు నాకెందుకు? డబ్బిచ్చి కొన్నాను. కావాలంటే ఆవిడకో ఐదు వేలు ఇప్పిస్తాను. ముందు నువ్వు బిగించు.”

“బిగించనండి.”

పని ఇచ్చినవాళ్ళకు ఎదురు చెప్పడం వీరబ్రహ్మానికి ఇదే మొదటిసారి. అన్నాక కొంచెం తేలికపడి నాగదుర్గ వైపు చూశాడు, కాస్త మెత్తబడి ఉంటుందేమోనని. మనిషి ఆశకు సిగ్గుండదు.

ఆమె వేరే ఏదో ఆలోచిస్తోంది.

“మరి అడుగు పలకలు?”

“అయ్యి నిజంగా పుచ్చేయమ్మా. ఒట్టు.”

“బాగున్నాయని మార్చకుండా వదిలేసినయ్యి?”

“బాగున్నాయమ్మా. నా పిల్లల మీద ఒట్టు. ఇప్పుడే నీతో వచ్చి...”

“ఇయ్యి పుచ్చేయని కూడా ఇలాగే చెప్పేవు కదా బాబాయ్.”

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను ఓర్చుకునేవాడు. ఆమె ఫోను తీసి మొగుడికి కలిపింది.

“మావా, నావ ఒడ్డుకి లాగించెయ్యి. వడ్రంగికి చూపించాలి. బాబాయికి కాదు, ఇంకొకరికి.”

అవతల బుల్లియ్య ఏదో గట్టిగా అంటున్నాడు. ఆమె జవాబివ్వకుండా ఫోను వీరబ్రహ్మం చేతిలో పెట్టింది.

“నువ్వే చెప్పు.”

“బాబాయ్, నువ్వు చూసిన నావకి ఇంకో వడ్రంగేంటి?” బుల్లియ్య నవ్వుతున్నాడు. “దీనికి భయమెక్కువ. నీ మాట చాలు నాకు. ఎల్లుండి ఎల్లొచ్చా?”

ప్రసన్నకుమార్ గారు గడియారం చూసుకున్నారు. నాగదుర్గ వీరబ్రహ్మం మొహం వైపే చూస్తోంది.

“ఎల్లకు. ఇంకొకర్ని పిలిపించి చూపించుకో బుల్లియ్యా.”

“ఎందుకు బాబాయ్?” అన్నాడు బుల్లియ్య.