బకెట్లో పడ్డ ముక్క

శవపరీక్ష గదిలో డాక్టరమ్మకు రోత పుట్టించేది రక్తం కాదు, కొవ్వు. రక్తం కడిగితే పోతుంది. కొవ్వు అలా కాదు. చేతి తొడుగులకూ, కత్తి పిడికీ, చివరికి కళ్లజోడుకూ జిడ్డులా అంటుకుని వదలదు.

బల్ల మీదున్న మనిషికి కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం బాన. బావమరిది ఇంట్లో భోంచేసి, చేయి కడుక్కుంటూ కుప్పకూలాడు. విషం పెట్టి చంపాడని పోయినవాడి అన్న గగ్గోలు పెట్టాడు. ఆ బావమరిది ఇప్పుడు బయట పోలీసు జీపులో మూతి వాచిపోయి కూర్చున్నాడు. పోయినవాడి పెళ్లాం, అంటే సొంత అక్కే, మొహాన ఉమ్మేసిందట.

పొట్ట కోయగానే పేగుల మీంచి పసుపుపచ్చ ముద్దలు జర్రున జారాయి. ఒకటే కంపు. గుండె చుట్టూ కూడా అదే సరుకు. రక్తనాళాలు కనబడాలంటే ముందు ఆ కొవ్వును ఒలిచెయ్యడం డాక్టరమ్మ అలవాటు. ఊపిరి బిగబట్టి చకచకా ఒలిచి బకెట్లో పారేసింది. నాళాలను అడ్డంగా కోసి చూసింది. లోపలి గోడలకు కొవ్వు పాచిలా పట్టింది కానీ ఎక్కడా మూసుకుపోలేదు.

గుమ్మంలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు ఇన్‌స్పెక్టర్. "ఏంటి మేడం, గుండెపోటేనా?"

"అలా కనబడట్లేదు. విషపరీక్షకు పంపుతా."

"అది తేలేసరికి వారాలు పడుతుంది. అందాకా వాడు లోపలే. ఈలోగా నిజం కక్కించడం మాకు తెలుసులెండి."

ఇన్‌స్పెక్టర్ వెళ్లాక డాక్టరమ్మ నాళాల ముక్కలను ట్రేలో వరసగా పేర్చింది. గుండె వెనక్కి తిరిగే నాళపు కొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. మధ్యలో బొటనవేలంత ముక్క లేదు! కొవ్వుతో పాటు దాన్నీ పీకేసింది.

"పెద్దాయనా, బకెట్ ఏదీ?" అని సహాయకుణ్ణి అడిగింది.

"చెత్త బండి వచ్చిందమ్మా. సంచిలో కట్టి ఇచ్చేశా."

ఆమె పెరట్లోకి పరుగెత్తింది. "ఆపవయ్యా బండి!"

ఆ రోజు కోసింది ఈ ఒక్క శవాన్నే. సంచి విప్పగానే ఈగలు ముసిరాయి. మోచేతుల దాకా చేతులు ముంచింది. చల్లటి ముద్దలు వేళ్ల సందుల్లోంచి జారుతుంటే ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"ఈ రోత కోసమేనా అమ్మా ఇంతింత చదువులు చదివింది?" అన్నాడు పెద్దాయన.

"వేళాకోళం తర్వాత. ముందు లైటు పట్టు!"

ముద్దలన్నీ వెన్నలా మెత్తగా ఉన్నాయి. ఒక్కటే వేళ్లకు గట్టిగా తగిలింది. పుండులా ఎర్రబారి ఉంది. కోస్తే మధ్యలో నాళం, ఆ నాళం నిండా నల్లటి రక్తపు గడ్డ.

ఆ ముక్కను అప్పటికప్పుడు మంచులా బిగించి, పలచటి పొరగా కోసి మైక్రోస్కోపు కింద చూసింది. వాపు కణాలు కుళ్లుకు పట్టిన పురుగుల్లా కొవ్వులోంచి బయల్దేరి నాళం గోడలోకి తొలుచుకుపోయాయి. పాచి పగిలింది అక్కడే.

ఇన్‌స్పెక్టర్నీ, పోయినవాడి అన్ననీ పిలిచి చెప్పింది.

"కొవ్వా చంపింది?" ఆ అన్న మండిపడ్డాడు. "మావాడు బక్కోడండీ! కాస్త పొట్ట, అంతే!"

"ఆ పొట్టేనండీ కొంప ముంచింది. అక్కడ మితిమీరి పేరుకున్న కొవ్వు ఊరుకోదు. వాపును పుట్టించే విషాన్ని రక్తంలోకి వదులుతుంది. నాళాన్ని చుట్టుకున్న కొవ్వు వాచిందంటే ఇక గోడ పక్కనే పొయ్యి పెట్టినట్టు. బయట నుంచి లోపలికి కాలుస్తుంది. ఆ గోడ చితికి, రక్తం గడ్డకట్టి, గుండె ఆగింది."

"మరి ఇందాక కాదన్నారుగా?" ఇన్‌స్పెక్టర్ నిలదీశాడు.

"తప్పు చెప్పాను. నాళం ముక్కను చెత్తలో పారేశాను. రిపోర్టులో అదీ రాస్తాను. వాణ్ణి వదిలెయ్యండి."

సంకెళ్లు తీశారు. బావమరిది మాత్రం జీపు దిగలేదు. "అక్కకు నేను హంతకుణ్ణేగా. ఎక్కడికి పోను?"

డాక్టరమ్మ బయట కూర్చున్న అతని అక్కను లోపలికి పిలిచింది.

"మాటలొద్దు. చూపించండి," అందామె.

ట్రే మీది గుడ్డ తొలగింది. వాచిన ఆ ముద్దను, దాని మధ్యలో నల్లగా పూడుకుపోయిన నాళాన్ని ఆమె కన్నార్పకుండా చూసింది. ఒక్క ఉదుటున సింకు దగ్గరికెళ్లి భళ్లున కక్కుకుంది. నోరు కడుక్కుని నేరుగా జీపు దగ్గరికి నడిచింది.

తమ్ముడు తల ఎత్తలేదు. ఆమె గడ్డం పట్టి ఎత్తి, తడి అరచేత్తో వాడి మొహం తుడిచింది.

"దిగరా," అంది. "మీ బావను ఇంటికి తీసుకెళ్లాలి."