వెనక బల్ల మీది కళ్లు

తెడ్లు వేసేవాడు ముందుకు పోతూ వెనక్కి చూస్తాడు. అందుకే మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. వెనక బల్ల మీద కూర్చున్నవాళ్లే పడవకి కళ్లు. వాళ్లు నోరు మూయకూడదు. అల వస్తే చెప్పాలి, రాయి కనిపిస్తే చెప్పాలి. ముప్పై ఏళ్లలో నేను ఈ కట్టుబాటు తప్పింది ఒక్కసారే, సినిమా కోసం.

పెద్ద సినిమా ఏమీ కాదు. రాజధాని సాంతియాగో నుంచి ఇగ్నాసియా అనే అమ్మాయి సైకిలు, సోలార్ ప్యానెల్, ఒక కెమెరా పట్టుకుని బస్సు దిగింది. మా అమ్మాయి మిల్లరాయ్ రెండంతస్తుల అలల మీద సర్ఫింగ్ పలక ఎక్కి జారడం తీస్తుందట. సినిమా మొత్తానికి చుక్క పెట్రోలు కాలకూడదు. ఆ షరతు పెట్టింది మా అమ్మాయే. మామూలుగా అలాంటి అలల్లో పడ్డవాళ్లని లాక్కురావడానికి జెట్ స్కీ అనే నీటి మోటారుబండి ఉంటుంది. ఇక్కడ నేనున్నాను, నా రెండు తెడ్లున్నాయి.

"పోనీ మోటారు బిగిస్తానే. వాడనులే, ఊరికే ఉంటుంది," అన్నాను సినిమా తీసే రోజు పొద్దున.

"ఉంటే వాడతావు నాన్నా. నీ సంగతి నాకు తెలీదా? వీలుంటే మంచం దిగడానికి కూడా మోటారు బిగిస్తావు," అంది మిల్లరాయ్ రొట్టె నములుతూ.

నేనూ నవ్వాను. ఆ మే నెల అలల చప్పుడికి ఇంట్లో గ్లాసులు అదురుతున్నాయి. నాకు చాలా భయం వేసింది. కానీ చెప్పలేదు. నా మూలంగా ఆగిపోతే అది నన్ను జన్మలో క్షమించదు.

పడవెక్కాక ఇగ్నాసియా ఇంకో మెలిక పెట్టింది.

"ఒనోఫ్రే గారూ, తీస్తున్నంతసేపూ మాట్లాడుకోవద్దండీ. గొంతులు మైకులో పడతాయి. నాకు సముద్రం చప్పుడొక్కటే కావాలి."

కుదరదు అనాల్సింది. చదువుకున్న పిల్ల ముందు చాదస్తుడిలా కనిపించడం ఇష్టంలేక, "సరేనమ్మా," అన్నాను.

రాళ్లకి కాస్త ఎడంగా, పడవ ముక్కు అలలకి ఎదురుగా పెట్టి నిలిపాను. మిల్లరాయ్ పలకతో నీళ్లలోకి దిగి, నా వీపు వెనక ఎక్కడో ఉంది. తల తిప్పితే తెడ్డు తడబడుతుంది. పడవ అడ్డం తిరిగిందంటే అందరం గల్లంతే. ఇక నాకు మిగిలింది వెనక బల్ల మీది ఇగ్నాసియా మొహం, దానికేమో కెమెరా అడ్డం. అందుకని కెమెరానే చూస్తూ కూర్చున్నాను. అది నా భుజం మీదుగా మెల్లగా పక్కకి జరిగింది. అంటే మిల్లరాయ్ లేచింది, జారుతోంది. ఇంకా జరిగింది. పర్వాలేదు, నిలబడే ఉంది. ఇంతలో నా వెనక ఇల్లు కూలినంత చప్పుడైంది. కెమెరా ఆగిపోయింది.

అటూ ఇటూ వెతికింది. తర్వాత కిందికి దిగి నా మొహం మీద నిలిచింది.

వెనక తీయడానికి ఏమీ మిగల్లేదు, అందుకే నన్ను తీస్తోంది. అది అర్థం కాగానే నా చేతులు చల్లబడిపోయాయి. మా ఆవిడ పోయిన రోజు కూడా నేను అంత భయపడలేదు.

"నోరు తెరువు! ఎక్కడుందో చెప్పు!" అని అరిచాను.

కెమెరా పడవ అడుగున నీళ్లలో దబ్బున పడింది.

"పలకే కనిపిస్తోంది... పలకొక్కటే... ఆగండి, చెయ్యి! రాళ్ల దగ్గర చెయ్యి! ఎడమకి!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"మీదే, మీదే! లాగండి! అల వస్తోంది, ఆగండి... ఇప్పుడు లాగండి!"

ఏడుస్తూనే చెప్పింది, ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. రాళ్ల మీద విరిగిన నీళ్లు నా వీపుకి కొడుతున్నాయి. ఆఖరికి ఇగ్నాసియా పక్కకి వంగి, రబ్బరు సూటు మెడ పట్టుకుని మిల్లరాయ్‌ని పడవలోకి ఈడ్చింది. కాలు విరిగి వేలాడుతోంది. నీళ్లు కక్కి, కళ్లు తెరిచి, మొదట అడిగిన మాట, "మోటారు తేలేదు కదా?"

"బతికిపోయావు. లేకపోతే నేనే చంపేవాణ్ణి," అన్నాను. తర్వాత ఒడ్డు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

కెమెరా పాడైపోయింది గానీ లోపలి కార్డు దక్కింది. ఆగస్టులో ఇగ్నాసియా మా వలల షెడ్డులో, ఎండకి నింపిన బ్యాటరీ మీదే సినిమా వేసింది. అల మీద మిల్లరాయ్‌ని చూసి రేవంతా ఈలలు. వెంటనే తెర నిండా నా మొహం వచ్చింది. వంకర తిరిగిన నోరు, పిచ్చివాడి కళ్లు. ఈలలు ఆగిపోయాయి. సిగ్గుతో తల దించుకున్నాను.

పక్కన కట్టు కాలు చాపుకుని కూర్చున్న మిల్లరాయ్ తెరని వదిలేసి నన్నే చూస్తోంది.

"ఇంత భయపడ్డావని చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు అడిగావా?"

అది నా చెయ్యి పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, "వచ్చే ఏడు మోటారు బిగించుకో నాన్నా," అంది.

అంటే మళ్లీ ఆ అలల్లోకి దిగుతుందన్నమాట. దాని చేతిలో ఉండగానే నా చెయ్యి చల్లబడింది.