పరీక్షలకు కేబుల్ కట్

గిర్మాజీపేటలో పిల్లలు ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో ఒకప్పుడు భానుచందర్ చేతిలో ఉండేది. ఆయన కేబుల్ ఆపరేటర్. డాబా మీద రేకుల గది, దాని పక్కన మూడు పెద్ద డిష్షులు, లోపల గోడ పొడుగునా చిన్న చిన్న టీవీలు. అందరూ దాన్ని కంట్రోల్ రూం అనేవారు. ఫిబ్రవరి రాగానే అక్కడికి తల్లుల ఫోన్లు మొదలయ్యేవి. మావాడిది పదో తరగతి, నెల రోజులు మా ఇంటికి కేబుల్ కట్ చెయ్యన్నా అని. మా అత్త సీరియల్ పోయినా సరేనని ఒకావిడ గుసగుసగా చెప్పేది. భానుచందర్ నిచ్చెన వేసుకుని స్తంభమెక్కి ఆ ఇంటి తీగ ఊడదీసేవాడు. పిల్లలు వచ్చి అడిగితే మిషన్ కాలిపోయింది, హైదరాబాద్ నుంచి కొత్తది రావాలి అనేవాడు. వాళ్లు నమ్మి పుస్తకాలు తీసేవారు. చివరి పరీక్ష రోజు మధ్యాహ్నం అన్ని తీగలూ మళ్లీ కలిపేవాడు. ఆ పూట వీధిలో ఏ కిటికీ పక్కన నడిచినా టీవీ పాటలే. అంత సంతోషం తన చేతి మీదుగా జరిగిందని ఆయనకు ఇప్పటికీ గుర్తే.

మిషన్ మాట నమ్మనిది సింధు ఒక్కతే. బీట్ బజార్‌లో కిరాణా హోల్‌సేల్ చేసే వెంకటేశ్వర్లు కూతురు. పదో తరగతి చదివే ఏడాది వాళ్లమ్మ కూడా ఫోన్ చేసింది, తీగ ఊడింది. మరునాడు సాయంత్రం ఆ పిల్ల మెట్లెక్కి వచ్చి గదిలో వెలుగుతున్న టీవీలన్నీ చూసి, “మా ఇంటిదొక్కటే ఎట్ల కాలింది కాకా?” అని అడిగింది.

భానుచందర్‌కు నవ్వొచ్చింది. రోజూ అరగంట ఇక్కడే కూర్చుని చూసి పొమ్మన్నాడు. ఆమె సినిమాలు అడగలేదు, కార్టూన్లు అడగలేదు. వార్తలు పెట్టమనేది. చదివేవాళ్లతో పాటు పెదవులు కదిపేది. నాలుగు రోజులు గమనించి ఆయన ఒక కాగితం ఆమె చేతికిచ్చాడు. ఏనుమాముల మార్కెట్లో ఆ రోజు పత్తి, మిర్చి ధరలు, కేసముద్రంలో పెసల ధర. గోడకు నీలం దుప్పటి కట్టి, పెళ్లిళ్లు తీసే కెమెరా ముందు పెట్టి, తను నడిపే లోకల్ ఛానల్లో చదివించాడు.

తొమ్మిది రోజులు చదివింది. మార్కెట్‌కు పోయే రైతులు హోటళ్ల ముందు నిలబడి వినేవారు. పదో రోజు వెంకటేశ్వర్లు వచ్చాడు. కేకలేమీ వెయ్యలేదు. ఆడపిల్ల ముఖం ఊరంతా చూస్తోందని, రేపు నలుగురూ నాలుగు మాటలంటారని, ఆపెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం సింధు వస్తే భానుచందర్ మైకు ఖరాబైందన్నాడు. బాగైతే పిలుస్తానన్నాడు. మర్నాటి నుంచి ధరలు తెర కింద అక్షరాలుగా వెళ్లాయి. పరీక్షలయ్యాక సింధు ఇంటికీ తీగ కలిపాడు. ఆమె మళ్లీ మెట్లెక్కలేదు.

ఇరవై ఆరేళ్లు గడిచాయి. డిష్షులు ఎప్పుడో పాత ఇనుముకు పోయాయి. భానుచందర్ ఇప్పుడు అదే వీధిలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాడు. తీగ తనదే గాని, దాంట్లో ఏం వస్తోందో ఆయనకు తెలియదు. ఒక్కో ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు రకాలు చూస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు కాబట్టి కిటికీల్లోంచి చప్పుడు కూడా రాదు.

ఈ ఫిబ్రవరిలో సింధు ఫోన్ చేసింది. పెళ్లయ్యాక భర్త శ్యాంసుందర్ పుస్తకాల షాపు పెట్టాడు, వాళ్లు అక్కడికి రెండు సందుల అవతలే ఉంటున్నారు. కూతురు శ్రావణిది పదో తరగతి. ఫోన్లో గేమ్ ఆడుతూ లైవ్ పెడుతుందట, మూడు నాలుగు వందల మంది చూస్తారట, పెద్దయ్యాక అదే పని చేస్తానంటుందట. నెల రోజులు నెట్ కట్ చేసి, రోడ్డు తవ్వినప్పుడు వైరు తెగిందని శ్రావణితో చెప్పమంది.

“నువ్వు చెప్తే నమ్ముతది కాకా,” అంది.

భానుచందర్ వాళ్ల నెట్ కట్ చేశాడు. సాయంత్రం సంచి భుజాన వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు కూడా. శ్రావణి తలుపు తీసి, వైరు ఎన్నడు బాగైతది తాతా అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు గాని అబద్ధం రాలేదు.

“వైరు మంచిగనే ఉంది బిడ్డా. మీ అమ్మ కట్ చెయ్యమన్నది, చేసిన.”

సింధు ముఖం ఎర్రబడింది. శ్రావణి తల్లి వైపు ఒకసారి చూసి గోడకానుకుని నిలబడింది. భానుచందర్ కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఆ రోజు మైకు సుత ఖరాబు కాలే సింధూ. మీ బాపు ఆపమన్నడు. నీకు చెప్పే ధైర్యం లేక అట్లన్న.”

“తెల్వదనుకున్నవా? తర్వాత ఎవలో చెప్పిన్రు.” ఆమె కొంగు సర్దుకుంది. “బాపు వద్దన్నడని ఆనాడే చెప్తే రెండు దినాలు ఏడ్చి ఊకుందును. నువ్వు పిలుస్తవని ఎండాకాలమంత చూసిన కాకా.”

ఆయన సంచి జిప్పు లాగుతూ ఉండిపోయాడు. అప్పుడు శ్రావణి, “అమ్మా, నువ్వు టీవీల వచ్చినవా?” అంది.

తల్లి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది, నీలం దుప్పటి, మిర్చి ధరలు, తన జడలో వాళ్లమ్మ పెట్టిన కనకాంబరాలు అన్నీ. అప్పుడు రికార్డు చేసిన క్యాసెట్ చూడాలని పిల్ల అడిగితే, దాని మీద ఎవరిదో పెళ్లి తీశానని భానుచందర్ ఒప్పుకున్నాడు. తర్వాత సింధు తన భయం కూడా కూతురితో చెప్పింది. లైవ్ కింద ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసే మాటలు తను రహస్యంగా చదివానని, ఒకరోజు అన్నం ముట్టలేకపోయానని చెప్పింది. తానూ చదువుతానని, మొదట్లో తనకూ ఏడుపొచ్చేదని శ్రావణి అంది. పిల్ల ఏడ్చిందన్న సంగతి సింధుకు అంతవరకూ తెలియదు.

భానుచందర్ ఆ రాత్రే నెట్ కలిపాడు. పరీక్షలయ్యేదాకా లైవ్ పెట్టనని శ్రావణి మాటిచ్చింది. రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ తనే వచ్చి తల్లికి చెప్పింది. మార్చి దాటేసరికి చూసేవాళ్లు సగానికి పడిపోయారు. ఆ లెక్క చూసి పిల్ల దిగులుపడితే సింధు ఓదార్చలేదు, పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆదివారాలు లైవ్ నడిచినంతసేపూ సింధు ఇంకో ఫోన్ పట్టుకుని చెడ్డ రాతలు తీసేస్తూ ఉంటుంది. ఇంటర్ తర్వాత ఏం చేస్తుందో ఇంకా ఇద్దరికీ తేలలేదు.

ఆ తర్వాత కూడా ఒకరిద్దరు తల్లులు భానుచందర్‌కు ఫోన్ చేశారు. కట్ చేస్తాను గాని పిల్లలకు మీరే చెప్పుకోండి అన్నాడాయన. ఒకావిడకు కోపం వచ్చి వేరే కనెక్షన్ పెట్టించుకుంది. ఉన్న గిరాకీ పోగొట్టుకుంటున్నావని భార్య అరుణ విసుక్కుంది. ఆయన నవ్వి, అబద్ధం చెప్తేనే నిలిచే గిరాకీ పోతే పోనీ అని, పాత రేకుల గది ఊడ్చడానికి చీపురు తీసుకుని డాబా మీదికి వెళ్లాడు.