ఆడమనిషి ఉంటే వదిలేస్తారు

“పొట్ట పట్టుకో,” అన్నాడు తిరుమలరావు, బండి వేగం తగ్గిస్తూ.

కూర్మన్నపాలెం జంక్షన్లో రోడ్డుకి అడ్డంగా పెట్టిన ఇనుప బారికేడ్లు అప్పుడే కనబడ్డాయి. వెనక కూచున్న రోజారమణి కొంగు కింద నుంచి చెయ్యి పోనిచ్చి పొట్ట పట్టుకుంది. లాక్‌డౌన్ పెట్టాక ఇలా రావడం ఎన్నోసారో ఆమె లెక్క పెట్టుకోలేదు. మొదటిసారి ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు చెప్పక్కర్లేదు, అయినా ఆయన చెబుతూనే ఉంటాడు, మలుపు దగ్గర హారన్ కొట్టినట్టు.

“ఎక్కడికయ్యా?” అన్నాడు పోలీసాయన. మాస్కు మీద కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

“గాజువాక ఆస్పత్రికి సార్. మా ఆవిడికి లేడీస్ ప్రోబ్లం. బ్లీడింగ్ ఆగట్లేదు సార్.”

ఈ మాట ఆయన ఎప్పుడూ నెమ్మదిగా అనడు. గట్టిగా అంటేనే పనవుతుందని ఆయన నమ్మకం. పనవుతుంది కూడా. విన్న మగవాళ్లు గభాలున చూపు తిప్పుకుంటారు, బారికేడ్ పక్కకి జరుగుతుంది. ఈ రోజూ పాల ప్యాకెట్ల సంచులతో ఆగిపోయి ఉన్న ఇద్దరు మనుషులు ఆమెని ఒక్కసారి చూసి తలలు దించుకున్నారు. రోజారమణికి చెవుల దాకా వేడెక్కింది. ఇంట్లో ఆ మాట ఎవరూ నోటితో అనరు. అత్తగారు దేముడమ్మ “బయట” అంటుంది, అంతే. ఆ మూడు రోజులూ రోజారమణి దేవుడి గది గుమ్మం తొక్కదు, ఊరగాయ జాడీ ముట్టదు, ఉతికిన గుడ్డ ఎవరి కంటా పడకుండా చీర కింద ఆరేస్తుంది. పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తోంది, ఇన్నేళ్లూ మొగుడితో కూడా నోరు తెరిచి అనని సంగతిని ఆ మొగుడే నాలుగు రోడ్ల మధ్య నిలబడి పోలీసులకి చెబుతున్నాడు. అదీ లేని సంగతి. పొద్దున్న దీపం పెట్టినప్పుడు అప్పన్న స్వామి పటం వైపు సూటిగా చూడలేకపోతోంది. నేనేమీ అనడం లేదు కదా స్వామీ, అన్నది ఆయనే కదా, అనుకుంటుంది. నోరు విప్పనివాళ్ల పాపం ఎవరి ఖాతాలో పడుతుందో పురాణం చెప్పే పంతులుగారు ఎప్పుడూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

అసలు ఇది మొదలైంది అత్తగారి బీపీ మాత్రల కోసం. మెడికల్ షాపులో మందుల పేర్లు ఆమెకైతే తెలుస్తాయని తిరుమలరావు రోజారమణిని ఎక్కించుకున్నాడు. ముందు వెళ్లిన బళ్లవాళ్ల చేత గుంజీలు తీయిస్తున్న పోలీసులు, వెనక ఆడమనిషిని చూసి ఏమీ అడక్కుండా పొమ్మన్నారు. “ఒరే, ఆడమనిషుంటే వదిలేత్తన్నార్రా!” అని ఆ సాయంత్రం ఫోన్లో అందరికీ చెప్పుకున్నాడు, పెద్ద రహస్యం కనిపెట్టినట్టు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని ఆగిపోయి ఇంట్లో ఉన్నాడు. “ఇంట్లో కూకుంటే పిచ్చెక్కుతాందే,” అనేవాడు. ఇదే ఇంట్లో ఇన్నేళ్లూ కూచున్న నా సంగతేమిటని అడగాలనిపించేది ఆమెకి. కూచున్నది ఎప్పుడని మళ్లీ నవ్వొచ్చేది.

ఈసారి బారికేడ్ జరగలేదు. పోలీసాయన వెనక్కి తిరిగి, “ధనశ్రీ! ఈవిణ్ణి కాస్త నీడలో కూచోబెట్టమ్మా. ఎస్సైగారు రాసుకున్నాక పంపిద్దాం,” అని కేకేశాడు.

టెంటు కింద నుంచి ఒక కానిస్టేబుల్ అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. ఎండకి నుదురు కమిలిపోయి ఉంది. “రండక్కా, నెమ్మదిగా దిగండి,” అంటూ మోచెయ్యి పట్టుకోబోయి, జబ్బు భయం గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. కుర్చీ దులిపి వేసింది. “ఎన్నాళ్ల నుంచి అక్కా?”

రోజారమణి బండి వైపు చూసింది. తిరుమలరావు ఎస్సై దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. “పది రోజులు,” అంది.

అంతవరకూ అబద్ధం ఆయనది. ఇప్పుడది తన గొంతుతో బయటికి వచ్చింది, ఏమాత్రం తడబడకుండా. తనకి ఇంత బాగా వస్తుందని ఆమెకే తెలీదు.

“అయ్యో. బండి మీద ఎలా కూకున్నారక్కా మరి!” అంది ధనశ్రీ. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “నాకూ ఇవాళ రెండోరోజు. పొద్దున్నే వచ్చేసినాను. ఇక్కడ మాకు బాత్రూం నేదు. ఎదురింటావిణ్ణి అడిగితే గేటు కూడా తియ్యనేదక్కా, కరోనా అంటిత్తానని. ఆవిడి తప్పేటుందిలెండి, పొద్దుగూకులూ అందరి బళ్లూ ముట్టుకుంటన్నాం గదా. అందుకే నీళ్లు తాగడం మానేసినాను.” నవ్వింది. “మీ బాధ ముందు నాదెంతలెండి.”

తన సంచిలోంచి పేపర్లో చుట్టిన పొట్లం తీసి రోజారమణి ఒళ్లో పెట్టింది. “ఉంచండక్కా. ఆస్పత్రిలో ఎంతసేపు కూకోబెడతారో ఏటో.”

“వద్దమ్మా. నీకు కావాలి కదా.”

“నాకింకోటుంది. తీసుకోండి, ఎవరూ సూడరు.”

పొట్లాన్ని తిరిగి ఇచ్చెయ్యాలంటే ఒక్కటే దారి, నిజం చెప్పడం. ఈలోగా తిరుమలరావు హారన్ కొట్టాడు. రోజారమణి పొట్లం చేతిసంచిలో పెట్టుకుని లేచింది. ధనశ్రీ బండి దాకా వచ్చి, “నెమ్మదిగా పోనియ్యండన్నా, గోతులున్నాయి,” అని చెప్పింది.

కొంత దూరం పోయాక, “ఏటిచ్చినాదా పిల్ల?” అని అడిగాడు తిరుమలరావు.

“ఏం లేదు.”

“మంచి పిల్లలాగుంది. మన మొకం గుర్తెట్టుకుంటాది. ఇంక మనకి ఢోకా నేదు.”

హైవే ఖాళీగా ఉంది. మనుషులు లేని రోడ్డు ఇంత వెడల్పుగా ఉంటుందని ఆమెకి తెలీదు. మూసేసిన దుకాణాల ముందు కుక్కలు పడుకుని ఉన్నాయి. ఎవరూ లేని రోడ్డు మీద ఒక్కర్తీ నడవాలంటే భయం. మనుషులున్న చోట నిలబడాలంటే సిగ్గు. ఇలాంటి రోజులొచ్చాయి.

ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే గవర్రాజు షెడ్డుకి షట్టరు సగం దించి ఉంది. గవర్రాజు తిరుమలరావు చిన్ననాటి స్నేహితుడు. బావా అంటే బావా అనుకుంటారు. లోపల పాత టార్పాలిన్ మీద మరో ఇద్దరు అప్పటికే పేకముక్కలు పంచుకుని కూచున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు కూడా వెనక ఆడమనిషి ఉండాలి కాబట్టి, ఆట అయ్యేదాకా రోజారమణి షెడ్డు వెనక టైరు మీద కూచోవాలి. ఖాళీగా కూచోబెట్టడం ఎందుకని మొదటి వారమే గవర్రాజు ఒక స్టవ్వూ, గిన్నే తెచ్చి పెట్టాడు.

“వదినా, టీ! వదిన సెయ్యి పడితే రుసే వేరు బావా.”

“నాలుగు గంటలు కూకోబెట్టినా టీ పెడతాది, కంప్లైంటుండదు,” అన్నాడు తిరుమలరావు ముక్కలు సర్దుకుంటూ. అది మెచ్చుకోలు. ఇరవై ఏళ్లలో ఆయన మెచ్చుకున్నవన్నీ ఇలాంటివే.

రోజారమణి పాలు పొయ్యి మీద పెట్టింది. ఆ షెడ్డులో ఆడవాళ్లు వెళ్లే చోటు లేదు. అందుకే ఇంటి దగ్గర బయల్దేరేముందే నీళ్లు తాగడం మానేస్తుంది. అదే మాట ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది. తనైతే ఎవరికీ చెప్పుకోలేదు. పక్కన పెట్టుకున్న చేతిసంచి వైపు చూడాలంటేనే ఒంటికి ఎలాగో ఉంది. గుడి ముందు నిజంగా అడుక్కునే మనిషి గిన్నెలోంచి చిల్లర తీసుకున్నట్టుంది.

ఒకసారి అత్తగారితో అన్నది, “రోడ్డు మీద లేని జబ్బు చెప్పడం నాకు బాగోలేదత్తా,” అని. తప్పని ఆవిడే కోప్పడుతుందనుకుంది, మడీ ఆచారమూ అంత పట్టింపు గల మనిషి కదా. దేముడమ్మ జపమాల తిప్పుతూనే, “అబద్దవేటే? ఆడపుటక పుట్టినాక ఎప్పుడూ ఏదో ఒక నొప్పుంటాది. దేవుడికి తెల్దా?” అంది. పక్కింటి వరహాలమ్మ మాత్రం ఇంకోలా అనుకుంది. రోజు విడిచి రోజు ఆస్పత్రికి తిరుగుతున్నారని విని, గోడ మీద నుంచి, “ఏవనుకోకు రమణీ, కొన్నాళ్లు మా గుమ్మంలోకి రాకు. పిల్లలున్నారు,” అని చెప్పేసింది. కిరాణా కొట్టు దగ్గర గీసిన గీతల్లో ఆమె నిలబడితే వెనకవాళ్లు రెండు గీతలు వదిలి నిలబడుతున్నారు. ఆమె ఎవరికీ లేదని చెప్పలేకపోయింది. జబ్బు లేదంటే మరి ఎక్కడికి వెళుతున్నట్టు?

టీ గ్లాసులు అందిస్తుంటే గవర్రాజు ముక్కల్లోంచి తలెత్తకుండా అన్నాడు.

“బావా, ఎల్లుండి నాను తగరపువలస ఎల్లాల. సరుకొకటి తీసుకురావాల. మా ఆవిడేమో పుట్టింట్లో ఇరుక్కుపోనాది. వదిన్ని ఓపాలి నా బండెక్కించు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. రోజారమణి తిరుమలరావు మొహం చూసింది. కోపమొస్తుందనుకుంది. కోపం రావాలని మనసులో స్వామికి మొక్కుకుంది కూడా. ఆయన ఒక ముక్క తీసి, ఆలోచించి, కింద పడేశాడు.

“దానికేటి బావా. నువ్వేటన్నా పరాయోడివా? పొద్దున్నే వచ్చి ఎక్కించుకెల్లు. సాయంత్రం వంటేళకి దింపెయ్యి.”

“అద్దీ! బావంటే నువ్వు. వదినా, ఏటంటావ్?”

“అదేటంటాది,” అన్నాడు తిరుమలరావు.

రోజారమణి ఖాళీ గ్లాసులు ఏరుకుని వెనక్కి వెళ్లి డ్రమ్ములో నీళ్లతో కడిగింది. కడిగిన గ్లాసే మళ్లీ కడిగింది. పరాయి మగాడి బండి మీద పొట్ట పట్టుకుని కూచున్న తనని ఊహించుకుంది. అతను ఏమని చెబుతాడు? మా ఆవిడ అంటాడా? అదే మాట, అదే గొంతుతో, మా ఆవిడికి బ్లీడింగ్ సార్ అంటాడు. అప్పుడు కూడా తను తల దించుకునే ఉంటుంది. సిగ్గు తనని ఆపదు. ఇన్నాళ్లూ అదే తనని ఆ సీటు మీద కదలకుండా కూచోబెట్టింది. సిగ్గుపడుతోంది కాబట్టి తాను మంచిదాన్నే అనుకుంటూ వచ్చింది. 

తిరుగుదారిలో ఎండ ఇంకా దిగలేదు. కూర్మన్నపాలెం దగ్గర బారికేడ్ల ముందు బళ్లు ఆగి ఉన్నాయి. ధనశ్రీ వాళ్లని దూరం నుంచే గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. పొద్దుటికన్నా కళ్లు పీక్కుపోయాయి.

“ఏటన్నారక్కా డాక్టరమ్మ?”

“స్కానింగ్ రాసినారమ్మా,” అన్నాడు తిరుమలరావు. “ఎల్లుండి తగరపువలసలో పెద్ద డాక్టరుకి సూపించమన్నారు. నాకు పనుంది, మా బావ తీసుకొత్తాడు. కాసింత గుర్తెట్టుకుని వదిలెయ్యండమ్మా, పున్నెముంటాది.”

“అలాగేనన్నా. నాను సెప్పి ఉంచుతాను,” అంది ధనశ్రీ. రోజారమణి వైపు వంగి, “తగ్గిపోతాది లెండక్కా,” అంది.

రోజారమణి బండి దిగింది.

“నాకేటీ నేదమ్మా,” అంది. చాలాకాలానికి పుట్టింటి మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చింది. “నాను ఆస్పత్రికి ఎల్లనేదు. ఏ రోజూ ఎల్లనేదు. ఆటోనగర్లో పేకాటకి ఎల్తన్నారు. పోలీసులు ఆపకుండా నన్ను ఎక్కించుకుంటన్నారు.”

“ఏటే, బుర్ర పని సేత్తాందా?” తిరుమలరావు గొంతు పళ్ల మధ్య నుంచి వచ్చింది. వెంటనే నవ్వు మొహం పెట్టి, మాటలు విని దగ్గరికి వచ్చిన ఎస్సై వైపు తిరిగాడు. “నీరసం సార్. రక్తం పోయింది కదా, ఏదో మాటాడేత్తాంది.”

“నీరసం కాదు సార్,” అంది రోజారమణి. “ఎల్లుండి నన్ను తీసుకెల్తానన్నాయన మాకేటీ అవడు.”

ఆగిన బళ్లవాళ్లందరూ చూస్తున్నారు. పొద్దున్న మాటకి తలలు దించుకున్న మగవాళ్లలాంటి వాళ్లే. ఇప్పుడెవరూ దించుకోలేదు. ఎస్సై చెయ్యి చాపి బండి తాళం తీసుకున్నాడు. తిరుమలరావుని, పట్టుబడి టెంటు పక్కన కూచున్న వాళ్ల వరసలోకి వెళ్లి కూచోమన్నాడు. వెళుతూ వెళుతూ ఆయన, “ఇంటికి రా సెప్తాను,” అన్నాడు. ఆయన కొట్టే మనిషి కాదు. రోజుల తరబడి మాట్లాడడు, అన్నం కంచం తోసేస్తాడు, తల్లి చేత మాట్లాడిస్తాడు. కొడితేనే అంతకన్నా త్వరగా అయిపోతుందని ఆమెకి చాలాసార్లు అనిపించింది. ఆ రోజులన్నీ ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. 

ధనశ్రీ ఇంకా అక్కడే ఉంది. మాస్కు కిందికి లాగింది. ఆ పిల్ల మొహం మొత్తం చూడడం అదే మొదటిసారి. చిన్నపిల్లల మొహంలా ఉంది. కోపం కూడా సరిగ్గా రావడం లేదు దానికి.

“మరి నా దగ్గర ఎందుకు తీసుకున్నారండీ?” అంది. అక్కా అనలేదు.

 ఆయన్ని చూసి భయమేసిందనవచ్చు. నువ్వే బలవంతంగా పెట్టావనవచ్చు. రెండూ కొంత నిజమే. “బుద్ధి లేక తీసుకున్నాను,” అంది రోజారమణి చివరికి. “నువ్వు అలా నవ్వుతూ సెప్తుంటే నిజం సెప్పలేకపోనాను.”

ధనశ్రీ పక్కకి తిరిగి మాస్కు పైకి లాక్కుంది. ఎండలో ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంది. ఆ నిలబడడం ఏమిటో రోజారమణికి తెలుసు.

“మా ఇల్లు ఆ వెనక వీధిలోనే,” అంది. “అయిదు నిమిషాల నడక. సారుకి సెప్పి రామ్మా. బాత్రూముంది. కాసేపు నడుం వాల్చి, మంచినీళ్లు తాగి ఎల్దువుగాని.”

ధనశ్రీ నమ్మనట్టు చూసింది. ఈ మనిషి మాట ఇప్పుడెలా నమ్మాలన్నట్టు. తర్వాత టెంటు పక్కన వరసలో కూచున్న తిరుమలరావు వైపు చూసింది.

“ఇలాటప్పుడు, నాను మీ ఇంట్లోకొత్తే... మీవోళ్లేటీ అనరా?”

“అంటారు,” అంది రోజారమణి. “రా.”