ఎల్‌ఈడీ తెర మీద ఎడం చెయ్యి

మా తిరువూరికి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు పెళ్ళిళ్ళకే వస్తుంది. డ్రోను కెమెరా అలాగే వచ్చింది. పొగ కక్కే మిషను అలాగే వచ్చింది. లారీ అంత వెడల్పున్న ఎల్‌ఈడీ తెర కూడా అలాగే వచ్చింది. పెళ్ళిళ్ళలో వాడి వాడి మొహం మొత్తాక అవి మిగతా పనుల్లోకి దిగుతాయి. ఫుట్‌బాల్‌కి వీడియో రివ్యూ మాకు ఆ దారిలోనే దిగింది.

దించినవాడు ఏడుకొండలు. మామిడి తోటలున్నాయి, పత్తి మిల్లుంది, ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుంది. ప్రపంచ కప్పు పోటీలు టీవీలో చూసి, రిఫరీ వేళ్ళతో గాల్లో పెట్టె గీసి తెర దగ్గరికి పరిగెత్తడం ఆయనకి తెగ నచ్చేసింది. "మనకేం తక్కువ?" అన్నాడు. తండ్రి పేరు మీద తను పెట్టిన టోర్నమెంటు ఫైనల్‌కి పెళ్ళి వీడియోల గిరిబాబుని పిలిపించి తెర కట్టించాడు. అంతటితో ఆగలేదు. టీవీలో లాగా రిఫరీ తన నిర్ణయం జనానికి చెప్పాలని ఆయన కాలరుకి చిన్న మైకు కూడా తగిలించాడు. రిఫరీ కృపానందం మాస్టారు రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు, నెమ్మదస్తుడు. "ఇదెందుకండీ" అన్నాడు గానీ డబ్బున్నవాడి సరదాకి అడ్డు చెప్పే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు, ఆయనకి మాత్రం ఎలా ఉంటుంది?

ఆ ఫైనల్ తిరువూరుకీ విస్సన్నపేటకీ. కానీ మా యేసురాజుకి అది ఫైనల్ కాదు, ఇంటర్వ్యూ.

యేసురాజుది పెనుగొలను. తండ్రి లేడు. తల్లి హన్నమ్మ పత్తి తీతలకి, మిరప కోతలకి వెళ్ళి వాణ్ణి డిగ్రీ దాకా చదివించింది. వాడికి ఆట తప్ప ఇంకో ధ్యాస లేదు. ఏడుకొండలు స్కూల్లో ఆటల మాస్టారు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఫైనల్ రోజు వేదిక మీద, ఆడిన కుర్రాళ్ళలోంచే ఒకడిని ప్రకటిస్తానని ఆయన ఊరంతా చెప్పాడు. యేసురాజు పేరే ఆయన మనసులో ఉందని కూడా అందరికీ తెలుసు. తిరువూరు జట్టులో వాడు డిఫెండరు, వాణ్ణి దాటి బంతి గోలు వైపు వెళ్ళడం అరుదు.

ఇక ఆ ఎడం చెయ్యి సంగతి. చిన్నప్పుడు మామిడి చెట్టు మీంచి పడ్డాడు. నాటు వైద్యుడు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. మోచెయ్యి తిన్నగా రాదు, ఒంటికి ఆనదు. బిందె చంకనెత్తుకున్న మనిషి చెయ్యిలా ఎప్పుడూ కాస్త ఎడంగా, వంగి ఉంటుంది. వాడు ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాలే వేసేవాడు. నిలబడితే ఆ చెయ్యి జేబులో పెట్టుకునేవాడు, లేదా ఏ సంచో పట్టుకునేవాడు. గ్రౌండులో పరిగెత్తేటప్పుడు అందరి చేతులూ వంగే ఉంటాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. నాకు తెలుసు, ఎందుకంటే హన్నమ్మ మా తోటలో పనికి వచ్చేది. కొడుకు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడని కూడా తెలుసు, ఈ చెయ్యి సంగతి ఎవరికీ చెప్పకూడదని.

ఎందుకంటారా? అంతకు ముందు నెల అదే ఉద్యోగానికి వచ్చిన ఒక కుర్రాడు కొంచెం కుంటుతూ నడిచాడు. ఏడుకొండలు వాడికి కాఫీ కూడా ఇప్పించి, సాగనంపి, ఆ తర్వాత మా అందరి ముందూ నవ్వాడు. "డ్రిల్లు మాస్టారు చేతులు చాపితే గీత గీసినట్టుండాలి, నడిస్తే మిలటరీవాడిలా ఉండాలి. ఫీజులు కట్టే తల్లిదండ్రులు గేటు దగ్గరే చూస్తారయ్యా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ తలల్లో యేసురాజుది కూడా ఉంది.

ఆట చివరికొచ్చింది. ఇరుపక్కలా గోలు లేదు. విస్సన్నపేట కుర్రాడు అఖిల్ బంతిని గోలు మీదికి గట్టిగా కొట్టాడు. అడ్డంగా దూకిన యేసురాజు ఎడం మోచేతికి తగిలి అది బయటికి పోయింది. విస్సన్నపేట వాళ్ళంతా చేతులెత్తి "హ్యాండ్‌బాల్! హ్యాండ్‌బాల్!" అని రిఫరీ మీదికి వచ్చిపడ్డారు. వేదిక మీంచి ఏడుకొండలు లేచి నిలబడి, ముచ్చట పట్టలేక తనే గాల్లో వేళ్ళతో పెట్టె గీశాడు. కృపానందం మాస్టారికి తెర దగ్గరికి నడవక తప్పలేదు.

గిరిబాబుకి తెలిసిన స్లో మోషను పెళ్ళి స్లో మోషను ఒక్కటే. అందులో పైనుంచి గులాబీ రేకులు రాలతాయి. అవి తీసేయడం వాడికి రాలేదో, తీసేయాలని తోచలేదో గానీ, తెర మీద యేసురాజు గులాబీ రేకుల వానలో మెల్లగా గాల్లోకి లేచాడు. బంతి మెల్లగా వచ్చి మోచేతికి తగిలింది. జనం విరగబడి నవ్వారు. మళ్ళీ వేశాడు. మళ్ళీ నవ్వారు. పెళ్ళికూతురి నెక్లెసు మీదికి జూమ్ చేసే అలవాటు కొద్దీ మూడోసారి ఆ మోచేతి మీదికే జూమ్ చేశాడు. లారీ వెడల్పు తెర మొత్తం ఆ చెయ్యే నిండిపోయింది. మనిషి తన లోపాన్ని ఎంత దాచుకుంటే లోకం దాన్ని అంత పెద్దది చేసి చూపిస్తుంది కాబోలు. యేసురాజు తెర వంక చూడలేదు. గడ్డి వంక చూస్తున్నాడు.

మాస్టారు మైకులో చెప్పాడు. "చేతికి తగిలినంత మాత్రాన తప్పు కాదండి. చెయ్యి సహజంగా ఉండే చోట ఉండి తగిలితే తప్పు లేదు. శరీరాన్ని వెడల్పు చేసుకోవడానికి చాపి పెట్టి ఉంటే మాత్రం పెనాల్టీ."

సహజంగా ఉండే చోటట! ఆ రూలు రాసినవాళ్ళు ఎవరో గానీ, పెనుగొలను మామిడి చెట్ల మీంచి పడ్డ పిల్లల్ని లెక్కలోకి తీసుకుని ఉండరు.

మాస్టారు మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఎన్నో ఏళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించిన కళ్ళు ఆయనవి. కుడి చెయ్యి ఒంటితో పాటు ఊగుతోంది, ఎడం చెయ్యి కదలడం లేదు. ఆయనకి అర్థమైంది. వచ్చి యేసురాజు భుజం మీద చెయ్యి వేసి, వాడికి మాత్రమే వినపడాలని గొంతు తగ్గించి అడిగాడు. కాలరు మైకు సంగతి ఆ పెద్దమనిషి మర్చిపోయాడు. ఆ గుసగుస గ్రౌండంతా వినపడింది.

"నాన్నా, నీ ఎడం చెయ్యి కిందికి రాదా?"

వేదిక మీద ఏడుకొండలు ముందుకి వంగాడు.

"వస్తుందండి" అన్నాడు యేసురాజు.

"భయపడకు. అది ఎప్పుడూ అలాగే ఉంటుందంటే ఇది తప్పే కాదు. పెనాల్టీ ఇవ్వను. ఏదీ, ఒకసారి దించి చూపించు."

దిగితే కదా దించి చూపించడానికి! అవునంటే కప్పు ఆశ నిలబడుతుంది, ఉద్యోగం పోతుంది. కాదంటే దించి చూపించాలి. మాస్టారు వాడి చెయ్యి పట్టుకోబోయాడు. వాడు చటుక్కున వెనక్కి తగ్గాడు.

"అక్కర్లేదండి. కావాలనే అడ్డం పెట్టాను."

"ఏంటి?"

"గోలు పడిపోతుందని కావాలనే చెయ్యి పెట్టానండి. తప్పు నాదే."

మాస్టారు ఇంకోసారి ఆ చెయ్యి వంక చూశాడు. నమ్మలేదు. కానీ తప్పు చేశానని ఆటగాడే గ్రౌండంతా వినేలా చెప్పాక ఏ రిఫరీ ఏం చేస్తాడు? ఎర్ర కార్డు తీశాడు, పెనాల్టీ ఇచ్చాడు.

వాడు బయటికి నడుస్తుంటే మా వాళ్ళు తిట్టిన తిట్లు రాయడానికి నా పెన్ను ఒప్పుకోదు. కెప్టెన్ కిరీటి వాడి కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. "దొంగవెధవా, చేసిందే కాక ఒప్పుకుంటావా!" అన్నాడు. జనంలోంచి మజ్జిగ ప్యాకెట్లు వచ్చి పడ్డాయి. ఆడవాళ్ళ వైపు ఎవడో "ఇలాంటివాణ్ణి ఏ తల్లి కన్నదో, ఎలా పెంచిందో" అన్నాడు. ఆ తల్లి ఆ మాటన్నవాడి ముందు వరసలోనే, ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి వాడి మొహంలోకి చూసింది.

అఖిల్ పెనాల్టీ కొట్టాడు. గోలు పడింది. కాసేపటికి ఆట అయిపోయింది. కప్పు విస్సన్నపేటకి పోయింది.

ఇక్కడే కథ అయిపోతే యేసురాజు బతికిపోయేవాడు. ఎందుకంటే వాడి అబద్ధం, వాడు కలలో కూడా అనుకోనంత బాగా పారింది.

ఏడుకొండలు మైకు అందుకున్నాడు. "ఓడిపోయామని బాధపడకండి. కప్పులు వస్తాయి, పోతాయి. ఈ రోజుల్లో ఇంతమంది ముందు తన తప్పు తనే ఒప్పుకునే కుర్రాడు దొరుకుతాడా? మన పిల్లలకి గురువుగా ఉండాల్సింది ఇలాంటివాడే. సోమవారం నుంచి మా స్కూలు ఆటల మాస్టారు యేసురాజే!" అని వాణ్ణి వేదిక మీదికి పిలిచి, తన చేత్తో శాలువా కప్పాడు. ఇందాక తిట్టిన నోళ్ళే చప్పట్లు కొట్టాయి. యేసురాజు శాలువా అంచుని ఎడం చేతి మీదికి లాక్కుని నిలబడ్డాడు. నేను వేదిక పక్క కుర్చీలోనే ఉన్నాను. హమ్మయ్య అనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

అప్పుడు హన్నమ్మ లేచింది.

ఆమె వేదిక మెట్లెక్కుతుంటే కొడుక్కి ముద్దు పెట్టడానికి వస్తోందనుకున్నారు జనం. గిరిబాబు కెమెరా ఆమె మీదికి తిప్పాడు. తల్లీ కొడుకుల సీను వాడికి బాగా తెలిసిన పనే. ఏడుకొండలు కూడా నవ్వుతూ "రామ్మా, రా. ఇలాంటి కొడుకుని కన్నావు, నాలుగు మాటలు చెప్పు" అని మైకు ఆమె చేతికిచ్చాడు.

"ఉద్యోగం ఇచ్చారు, చాలా సంతోషమండి" అంది హన్నమ్మ. "కానీ తప్పు చేసినోడని పేరు పెట్టి ఇవ్వద్దండి. నా కొడుకు తప్పు చెయ్యలేదు."

"అమ్మా, వద్దు" అన్నాడు యేసురాజు. అది కూడా మైకులో వినపడింది.

"నువ్వూరుకోరా. నిన్ను దొంగంటుంటే విన్నాను. మాట పడి బతకాల్సిన ఖర్మ మనకేంటి?" అని శాలువా పక్కకి తీసి, వాడి పొడుగు చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేసింది. వాడు లాక్కోబోయాడు. పత్తి తీసి తీసి ఉక్కులా అయిన వేళ్ళు ఆమెవి, వదల్లేదు. "చూడండి. చిన్నప్పుడు విరిగింది. కిందికి దిగదు. దేవుడి తోడు, ఇది ఇలాగే ఉంటుంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు గానీ, ఒట్టు కంటే నా బిడ్డ పరువు ఎక్కువండి నాకు."

గిరిబాబు జూమ్ చేశాడు. ఈసారి చొక్కా కూడా అడ్డం లేదు. వంకర ఎముక, దాని మీద సాగిన నల్లటి చర్మం, పాత కట్టు మచ్చ, అన్నీ తెర మీద ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"అంటే ఇందాక నువ్వు చెప్పింది అబద్ధమా?" అని ఏడుకొండలు యేసురాజుని అడిగాడు.

జవాబు హన్నమ్మే చెప్పింది, మొహమంతా వెలిగిపోతూ. "అబద్ధమేనండి! వాడు ఏ తప్పూ చెయ్యలేదండి!"

కింద కిరీటికి అప్పటికి బుర్రలో పడింది. "ఆ మాట అప్పుడే చెప్పుంటే కప్పు మనదే కదరా! నీ ఉద్యోగం కోసం మమ్మల్ని ముంచుతావా?" అని అరిచాడు. నలుగురు కృపానందం మాస్టారి దగ్గరికి పరిగెత్తి నిర్ణయం మార్చమన్నారు. "ఆట అయిపోయింది, ఇక మారదు" అన్నాడాయన, కాలరు మైకు పీకేస్తూ. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

హన్నమ్మ శాలువా నాలుగు మడతలు పెట్టి, ఏడుకొండలు చేతిలో పెట్టింది. "తప్పు ఒప్పుకున్నందుకు కప్పారు కదండీ. ఆ తప్పే లేనప్పుడు ఇది మాకొద్దండి" అని దణ్ణం పెట్టింది. ఆయన కూడా దణ్ణం పెట్టాడు, నవ్వాడు కూడా. మనుషుల్ని దెబ్బకొట్టేటప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. "మంచిదమ్మా, మంచిది" అన్నాడు. వాళ్ళు మెట్లు దిగగానే పక్కనున్న గుమాస్తా వైపు వంగి, నాకు వినపడేలా అన్నాడు.

"అవిటివాడు, ఆపైన అబద్ధాలకోరు. ఆ పెనాల్టీ కొట్టిన విస్సన్నపేట కుర్రాణ్ణి సోమవారం రమ్మను."

యేసురాజుకి కూడా వినపడింది. వాడు ఒకసారి ఏడుకొండలు వంక తిరిగి చూశాడు. హన్నమ్మకి వినపడలేదు. ఆమె జనం మధ్యలోంచి, ఇందాక తిట్టినవాళ్ళ మొహాల్లోకి సూటిగా చూస్తూ, పెళ్ళికొడుకు తల్లిలా నడుస్తోంది. వాడు కుడి చేత్తో చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ ఆమె వెనకే వెళ్ళాడు. బస్టాండు వైపు మలుపు దగ్గర నేను వాళ్ళని అందుకున్నాను, ఏదో ఒకటి చెబుదామని.

"ఇప్పుడు నీ మీద ఏ మచ్చా లేదు" అంటోంది ఆమె కొడుకుతో. "తలెత్తుకుని వెళ్ళి పాఠాలు చెప్పుకోవచ్చు. సోమవారం ఎన్నింటికి రమ్మన్నార్రా?"

"తొమ్మిదింటికమ్మా" అన్నాడు యేసురాజు.