పలకని మెట్టు

నేను ఒక హార్మోనియం పెట్టెను. కలకత్తాలో పుట్టానని నా మూత మీద రాసి ఉంది కానీ, నన్ను చేసింది బెజవాడలో ఒక వడ్రంగి. కొన్న దేవసహాయం మాస్టారికి ఆ సంగతి తెలుసు. చర్చిలో ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉంది. ఉప్పెన వచ్చినప్పుడు మూడు రోజులు నీళ్లలో నానాను. ఆరబెట్టాక అన్ని మెట్లూ పలికాయి, పైవరసలో ఒక్కటి తప్ప. మరుసటి ఏడాది, సంఘంలో బతికి బయటపడ్డ పదకొండు మంది చర్చిలో చేరి, పోయినవాళ్లను తలుచుకుని మాస్టారు అంతకు ముందెప్పుడో కట్టిన కీర్తన పాడారు. కీర్తనల పండుగ అలా మొదలైంది.

మూడో చరణంలో వరస పైకెక్కుతుంది. పలకని మెట్టు దగ్గర మాస్టారి వేలు కాస్త ఆగి కిందికి దిగేది. జనమూ ఆయనతో పాటే దిగేవారు. ఏటా పండుగకు వచ్చే ఏడు సంఘాల వాళ్లూ ఆ దిగుడు నేర్చుకుని వెళ్లారు. అదేదో గొప్ప గమకమని మెచ్చుకున్న పెద్దమనుషులూ ఉన్నారు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

మాస్టారు పోయారు. కీబోర్డు వచ్చింది. నేను చర్చిలోనే అద్దాల బీరువాలోకి చేరాను. కొత్త పాస్టరుగా వచ్చిన రత్నాకరం అయ్యగారికి, పక్క ఊరి చర్చిలో మాస్టారు ఎప్పుడో స్వరాలు రాసిచ్చిన కాగితం దొరికింది. మూడో చరణం ఇన్నేళ్లుగా తప్పు పాడుతున్నారని ఆయన తేల్చారు. కుర్రకారు ఇట్టే దిద్దుకున్నారు. మాస్టారి భార్య దీనమ్మగారు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా అక్కడికి రాగానే కిందికి దిగిపోయేది. ఆ పదకొండు మందిలో మిగిలింది ఆవిడొక్కతే. ఏటా మొదటి పాట ఎత్తుకునేదీ ఆవిడే.

"ఈసారి పిల్లలు ఎత్తుకుంటారమ్మా, మీరు కూర్చోండి" అన్నారు అయ్యగారు పండుగ ముందురోజు, మర్యాదగానే.

దీనమ్మగారు కూర్చోలేదు. "ఆ మెట్టు పలకదని నాకు తెలవదా అయ్యగారూ? ఆ కాయితంలో పాట ఉప్పెనకి ముందుదండీ. అప్పుడు మా పిల్లలిద్దరూ ఉన్నారు. మేం పాడేది ఆ తర్వాతదండీ."

మాస్టారు ఉన్నన్నాళ్లూ నేను ఉన్నది వాళ్లింట్లోనే. ఆవిడ నోట పిల్లల మాట వినడం అదే మొదలు. నాకు దుఃఖం ఆగలేదు. అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. మొదటి పాట ఎవరు ఎత్తుకుంటారో తెలియక నేను బీరువాలో బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. అయ్యగారు కీబోర్డు ముందు కూర్చుని దీనమ్మగారి వైపు చూశారు. ఆవిడ లేచి ఎత్తుకుంది. మూడో చరణం వచ్చింది. వరస పైకెక్కింది.

కీబోర్డు మీద అన్ని మెట్లూ పలుకుతాయి. అయ్యగారి వేలు ఆ ఒక్క మెట్టు దగ్గర కాస్త ఆగి, కిందికి దిగింది.